నాన్న తన జబ్బును చూడాలన్నాడు

నాన్నకు వచ్చిన జబ్బేమిటో డాక్టరు చెప్పిన రోజు, ఆయన మొదట అడిగింది తనెన్నాళ్లు బతుకుతానని కాదు. నాలుక వెనక నుంచి కోసి తీసిన చిన్న ముక్క ఇప్పుడు ఎక్కడుందని.

గుంటూరులో ఒక ఆస్పత్రి గది. బల్లకు అటు డాక్టరు, ఇటు నాన్న, పక్కన నేను. కుర్చీ ఖాళీగా ఉన్నా అమ్మ కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది. డాక్టరు అటు తిప్పి ఇటు తిప్పి చివరికి క్యాన్సర్ అన్న మాట చెప్పేశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత డాక్టరు పెదవులు కదలడం కనిపించింది కానీ ఏమంటున్నాడో నా బుర్రకు ఎక్కలేదు. నాన్న మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అయితే డాక్టరుగారూ, ఆ ముక్క యాడుంది ఇప్పుడు? పారేశారా?"

"పారెయ్యమండీ. ల్యాబులో ఉంటుంది. దాన్ని కాగితం కన్నా పల్చగా కోసి, రంగు వేసి, గాజు పలక మీద పెట్టి చూస్తారు."

"నేను చూడొచ్చా దాన్ని?"

డాక్టరు నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను.

"ఇప్పుడదంతా ఎందుకయ్యా నీకు?" అంది అమ్మ.

"నా నాలిక ముక్కే గదే. నేను తప్ప అందరూ చూశారు," అన్నాడు నాన్న.

మా ఊరు రాజుపాలెం దగ్గర. ఊరు మొదట్లోనే నాన్న మిల్లు. ఒక గదిలో పిండి మర, పక్క గదిలో కారం మర. ఎండలు ముదరక ముందే చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఎండబెట్టిన మిరపకాయలు, వేయించిన ధనియాలు, మెంతులు సంచుల్లో పోసుకుని వచ్చేవాళ్లు. ఆ ఘాటుకు అందరూ తుమ్ముకుంటూ దగ్గుకుంటూ రోడ్డు వారకు వెళ్లి నిలబడితే, నాన్న ఒక్కడే ముక్కుకు తువ్వాలు కూడా కట్టుకోకుండా లోపల తిరుగుతుండేవాడు. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమలు కూడా ఎర్రగా ఉండేవి.

ఆయనకు ఒక అలవాటు. ఎవరు కనపడినా ఏదో ఒకటి అడగాలి. క్వారీలో పనిచేసే మనిషి వస్తే, రాయి పగిలే ముందు ఏమన్నా చప్పుడు చేస్తదా అని. కరెంటు లైన్‌మన్ వస్తే, స్తంభం మీంచి చూస్తే ఊరు ఎట్టా కనపడుద్దని. కృష్ణ అవతలి నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన ఆమె కారంలో వెల్లుల్లి వద్దంటే, ఎందుకు వద్దో, వాళ్లమ్మగారింట్లో అసలు ఏమేం వేస్తారో తెలుసుకునేదాకా ఆమె సంచి మరలో పోసేవాడు కాదు. జవాబు చెప్పేవాళ్లది చిన్న గొంతయితే మోటారు ఆపేసేవాడు. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కునేవాళ్లు. "పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చాను బాబాయ్" అని ఎవరో ఒకరు అరిచేదాకా మళ్లీ మర తిరిగేది కాదు.

ఆ జవాబులతో ఆయన ఏం చేసేవాడో నాకు తెలిసేది కాదు. ఎవరితోనూ వాదించేవాడు కాదు. తనకు అంత తెలుసునని ఎక్కడా చెప్పుకునేవాడు కాదు. వినేవాడు, తలూపేవాడు, అంతే. నేను డిగ్రీ, ఆపైన బీఈడీ చేసి నరసరావుపేటలో పిల్లలకు సైన్సు చెప్పే టీచర్నయ్యాక, వారానికోసారి ఊరికి వెళ్తే నాకూ ప్రశ్నలు తప్పేవి కావు. చాలావాటికి నాకు తెలియదనే చెప్పేదాన్ని. అప్పుడూ తలూపేవాడు.

పుండు మొదట నాలుక వెనక పక్కన వచ్చింది. మింగుతుంటే చెవిలో పోటు వస్తోందన్నాడు. కారం దుమ్ము వల్లేనని అమ్మ తేల్చేసింది. నెయ్యి రాసింది, మజ్జిగ తాగించింది. ఊళ్లో డాక్టరు మాత్రలిచ్చాడు. తగ్గలేదు. నరసరావుపేటకు తీసుకొచ్చి చూపిస్తే, చూసిన డాక్టరు టార్చి ఆర్పి, ఇక్కడ ఆలస్యం చెయ్యకుండా గుంటూరు వెళ్లమన్నాడు. నాన్న చుట్ట కాల్చేవాడు కాదు, ఏదీ నమిలేవాడు కాదు. మరెందుకు వచ్చిందని గుంటూరు డాక్టరును అడిగాడు. కొందరికి ఎందుకొస్తుందో మాకూ తెలియదండీ అన్నాడాయన. బయటకు వచ్చాక నాన్న నాతో, "తెలీదని చెప్పాడు చూశావా అమ్మాయ్. మంచి డాక్టరు. ఈయన దగ్గరే చూపిచ్చుకుందాం," అన్నాడు.

ముక్కను చూస్తానన్న మాట నేనయితే మర్చిపోయేదాన్నేమో. నాన్న మర్చిపోలేదు. తర్వాతి వారం వెళ్లినప్పుడు మళ్లీ అడిగాడు. డాక్టరు నవ్వి, ల్యాబుకు ఫోన్ చేసి చెప్పాడు. ఆస్పత్రి వెనక మెట్లు దిగి వెళ్లాం. అక్కడున్న డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. తన స్లైడు తనే చూసుకుంటానని ఇంతవరకు ఎవరూ రాలేదంది. ఒకేసారి ఇద్దరు చూడగలిగే మైక్రోస్కోపు ముందు స్టూలు వేసి నాన్నను కూర్చోబెట్టింది.

కళ్లజోడు తీయాలో ఉంచాలో ఆయనకు తెలియలేదు. ఒక కన్ను మూసి చూశాడు. రెండూ తెరవమందామె. కాసేపు ఏమీ కనపడడం లేదన్నాడు. తర్వాత ఒక్కసారి మెడ బిగుసుకుంది.

"కనపడిందమ్మా. రంగులు."

"ముందు మంచి భాగం చూడండి. ఇటుకలు పేర్చినట్టు వరసగా ఉన్నాయా?"

"ఉన్నయ్. గోడ కట్టినట్టే ఉన్నయ్."

ఆమె పలకను కొంచెం జరిపింది. "ఇప్పుడు?"

నాన్న కళ్లు తీయకుండా చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు అమ్మ మాతో రాలేదు. వచ్చి ఉంటే అది చూసి తట్టుకోలేక లేపేసి ఉండేది.

"ఇదంతా కలగాపులగంగా ఉందేంది? సంతలో జనం ఎగబడ్డట్టుంది," అన్నాడు చివరికి. "చానా ముదురు రంగు. ఊదా. ఆ రంగు వీటిదేనా?"

"రంగు మేం వేసిందండీ. కనపడడానికి."

"మరి ఎందుకమ్మా ఇట్టా ఎగబడ్డయ్?"

"పెరగడం ఎక్కడ ఆపాలో మంచి కణాలకు తెలుసండీ. వీటికి ఆ సంగతి పోయింది. అందుకే ఒకదాని మీద ఒకటి పడి పెరుగుతున్నాయి."

"ఇయ్యి యాడ్నుంచి వచ్చినయ్? గాల్లోంచా, నీళ్లలోంచా?"

"ఎక్కడి నుంచీ రాలేదు. మీవే. ఆ ఇటుకల్లాంటివే ఇలా మారాయి."

నాన్న మైక్రోస్కోపు మీంచి తలెత్తి ఆమెను చూశాడు. మళ్లీ కళ్లు ఆనించి చూశాడు. తర్వాత నన్ను కూర్చోమన్నాడు. నేను ఏళ్ల తరబడి బోర్డు మీద కణం బొమ్మ గీస్తున్నదాన్ని. కేంద్రకం ఇది, కణద్రవ్యం ఇది అని పిల్లల చేత వల్లె వేయించినదాన్ని. ఆ గాజు పలక మీద మా నాన్న కణాలు ఊదా రంగులో, గులాబీ రంగులో కనపడితే, ముందుగా నాకు కలిగింది భయం కాదు. ఇంకా దగ్గరగా చూడాలనిపించింది. అలా అనిపించినందుకు ఆశ్చర్యం వేసింది కూడా. అప్పుడే నాకు నాన్న కొంచెం అర్థమయ్యాడేమో.

తిరుగు బస్సులో సత్తెనపల్లి దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"బయట్నుంచి వచ్చిన దొంగనుకున్నా గదమ్మా ఇన్నాళ్లూ," అన్నాడు. "నాయేనంట."

మింగడం, మాట దెబ్బతింటాయని ఆపరేషన్ వద్దనుకుని, కరెంటు పెట్టి మందులు ఎక్కిద్దామన్నారు డాక్టర్లు. రేడియేషన్‌ను మా వైపు కరెంటు పెట్టడమనే అంటారు. ఆస్పత్రికి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకున్నాం. అమ్మ స్టవ్వు, నాలుగు గిన్నెలు తెచ్చి అక్కడే వండేది. నేను శని, ఆదివారాలు, సెలవు దొరికిన రోజులు వెళ్లేదాన్ని. మొదటిరోజు నాన్న మొహానికి వేడినీళ్లలో మెత్తబరిచిన ప్లాస్టిక్ వల అదిమి తొడుగు చేశారు. కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా దాన్ని బల్లకు బిగిస్తారు. నాకయితే దాన్ని చూస్తేనే ఊపిరాడలేదు. నాన్న ఆ తొడుగును చేతుల్లోకి తీసుకుని, తన ముక్కును తనే తడిమి చూసుకుని, "ఇంత వంకరా నా ముక్కు?" అని అమ్మను అడిగాడు.

"పెళ్లిచూపుల్లోనే చూశాలే," అంది అమ్మ.

కొన్నాళ్లకు రుచి పోయింది. ముందు కాఫీ వేడినీళ్లలా ఉందన్నాడు. తర్వాత అన్నం అట్టముక్క నమిలినట్టుందన్నాడు. చక్కెర నాలుక మీద వేస్తే, "ఏందిది, ఇసకా?" అని అడిగాడు. ఏ రుచీ తెలియడం లేదు, కానీ కారం మాత్రం తగిలితే చాలు, కళ్లల్లో నీళ్లు తిరిగేవి. పప్పులో పొరపాటున ఒక్క ఎండుమిరప గింజ పడినా విలవిల్లాడేవాడు. అమ్మకు ఇది వింతగా ఉండేది. నాలుక చచ్చిపోయిందంటాడు, మళ్లీ కారం ఎట్టా తెలుస్తోందని. నాన్నకు అంతకన్నా వింత. మందు ఎక్కించే రోజున ఆస్పత్రిలో డాక్టరు రౌండ్లకు వచ్చేదాకా కాచుకుని కూర్చున్నాడు.

"కారం రుచి కాదండీ," అన్నాడు డాక్టరు. "తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇవి రుచులు. వాటిని తెలిపే మొగ్గలు మీ నాలుక మీద ప్రస్తుతం పనిచేయడం లేదు. కారం అంటే మంట. చెయ్యి కాలితే తెలిపే నరాల్లాంటివే దాన్నీ తెలుపుతాయి. పైగా మీ నోరు ఇప్పుడు పచ్చిపుండు."

నాన్న నోరు నొప్పిగా ఉన్నా నవ్వాడు. "అయితే ఇన్నేళ్లూ నేను జనానికి మంట పట్టిచ్చి పంపిస్తన్నానా ఏంది."

ఆ మాట ఆయన ఆ తర్వాత ఎందరికి చెప్పాడో. చూడడానికి వచ్చిన చుట్టాలు కళ్లొత్తుకుంటూ మంచం పక్కన కూర్చోగానే, వాళ్లను ఓదార్చడానికా అన్నట్టు, కారం రుచి కాదని మీకు తెలుసా అని మొదలుపెట్టేవాడు. ఏడుద్దామని వచ్చినవాళ్లు ఏడుపు మర్చిపోయి, అదెట్టా అయిద్ది అని వాదనకు దిగేవాళ్లు.

చికిత్స పూర్తయి ఊరికి వచ్చాక ఆయనకు ఒక ఆట పట్టింది. రుచుల్లో ఏది ముందు తిరిగొస్తుందో చూడాలని. పొద్దున మొహం కడుక్కుని కళ్లు మూసుకుని కూర్చునేవాడు. అమ్మ చెంచా చివరన ఏదో ఒకటి నాలుక మీద పెట్టాలి. ఏం పెట్టిందో చెప్పకూడదు. మొదట్లో అమ్మ విసుక్కుంది. "నాకేం పనీపాటా లేదనుకున్నావా," అనేది. పోనుపోను ఆమే తెలివిమీరింది. ఒకరోజు వట్టి చెంచా పెట్టింది. "ఉప్పా?" అన్నాడు. అమ్మ అంతగా నవ్వడం నేను ఆ మధ్యకాలంలో చూడలేదు.

పులుపు ముందు వచ్చింది. చింతపండు పెడితే ఒక కన్ను తనంతట తనే మూసుకుపోయింది. చాలా వారాల తర్వాత ఒక ఆదివారం, మేం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. నాన్న మెత్తగా కలిపిన పప్పన్నం రెండు ముద్దలు తిని ఆగాడు.

"ఏమే, పప్పులో ఉప్పు తగ్గినట్టుందే."

పెళ్లయినప్పటి నుంచి ఈ మాట మీద వాళ్లిద్దరికీ ఎన్ని గొడవలు జరిగాయో నాకు తెలుసు. ఉప్పు పేరెత్తితే అమ్మ కంచం తోసేసి లేచిపోయిన రోజులు చూశాను. ఆ రోజు అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత తన కంచంలో పప్పు రుచి చూసి, "నిజమే. తగ్గింది," అంది. లేచి వంటింట్లోకి వెళ్లింది. ఉప్పు డబ్బా తేవడానికి అంతసేపు పట్టదు. నేను లేవబోతే నాన్న చెయ్యూపి కూర్చోమన్నాడు.

మళ్లీ మిల్లు తెరిచాడు. కారం జోలికి పోవద్దన్నారని ఆ పని ఒక మనిషికి అప్పజెప్పి తను పిండి మర దగ్గరే ఉండేవాడు. జబ్బు సంగతి బయటకు పొక్కకూడదని అమ్మ తాపత్రయం. నాన్న మాత్రం ఎవరడిగితే వాళ్లకు ఫోన్ టార్చి వెలిగించి నోరు తెరిచి చూపించేవాడు. "ఇదుగో, ఈ పక్కన ఉండేది. కరెంటు పెట్టి మాడ్చారు." ఆడవాళ్లు కొంగు పట్టుకుని ఒంగి చూసేవాళ్లు. అందులో ఒకామె, తనకూ నోట్లో పుండు మానడం లేదని మెల్లగా చెప్పింది. నాన్న పట్టుబట్టి ఆమెను గుంటూరు పంపించాడు. అది ఉత్త పుండేనట. వంకరగా ఉన్న పన్ను గీసుకుని వచ్చిందట. పన్ను అరగదీస్తే మానిపోయింది. అనవసరంగా భయపెట్టాడని ఆమె భర్త కొన్నాళ్లు మా మిల్లుకు రావడం మానేశాడు.

ఏడాది తిరిగాక దగ్గు మొదలైంది. మెడ పక్కన గడ్డ తేలింది. స్కాను తీస్తే ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి. అదే డాక్టరు, అదే గది. ఈసారి అమ్మ కుర్చీలో కూర్చుంది.

"నాలిక కాడ్నుంచి రొమ్ములోకి ఎట్టా పోయింది డాక్టరుగారూ?"

"రక్తంలో పడి కొట్టుకుపోతాయండీ కొన్ని."

"మరి దారిలో ఇంకెక్కడా దిగకుండా ఆడే ఎందుకు దిగినయ్?"

డాక్టరు నవ్వబోయి ఆగాడు. కాగితం తీసి గుండె బొమ్మ గీశాడు. ఒంట్లో తిరిగొచ్చిన రక్తమంతా గుండెలోంచి ముందుగా ఊపిరితిత్తులకే వెళ్తుందని, అక్కడి నాళాలు వెంట్రుకల కన్నా సన్నమని, వాటిలో ఇరుక్కుంటాయని ఓపిగ్గా చెప్పాడు. బయట జనం ఎదురుచూస్తున్నా తొందరపడలేదు. నాన్న బొమ్మను తనవైపు తిప్పుకుని గీతల మీద వేలు పోనిచ్చాడు. ఇంకో మందు ఉందని, అది నయం చెయ్యదు కానీ కొంతకాలం ఆపవచ్చని డాక్టరు అన్నాడు. ఎక్కించుకుంటే ఎట్టా ఉంటదో చూద్దామన్నాడు నాన్న. చూశాడు. వాంతులతో మంచం దిగలేకపోయాడు. "చూశాగా, ఇక చాలమ్మా," అన్నాడు నాతో. నేను బతిమాలాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఇంటి దగ్గరే ఉన్నాడు. నొప్పికి మందు ఇచ్చారు. మాట ముద్దగా అయిపోయింది. అర్థం కాకపోతే కనుబొమలెత్తి, వేలితో గాలిలో ప్రశ్నలా తిప్పేవాడు. పనిచేసే మందు ఏది, చెయ్యనిది ఏది, కాళ్లు ఎందుకు ఉబ్బుతున్నాయి, అన్నీ కావాలి ఆయనకు. నేను ఫోన్‌లో వెతికి, డాక్టరును అడిగి, తెలిసినంత చెప్పేదాన్ని. ఒకటి మాత్రం ఆయన అడగలేదు. ఇంకెన్నాళ్లని. తెలుసుకోవాలని లేకనా, తెలుసుననా, నాకు తెలియదు. ఆ ప్రశ్న నేనూ అడగలేదు ఆయన్ని.

ఒక ఉదయం ఎండెక్కాక పెద్ద తేనెటీగల గుంపు లేచినట్టు మోత వినిపించింది. నాన్న కళ్లు తెరిచాడు. వేలు తిప్పాడు. అమ్మ బయటికెళ్లి చూసొచ్చి, "మిరప చేలో డ్రోన్‌తో మందు కొడతన్నారయ్యా," అంది. ఆయన లేవబోయాడు. నేనూ అమ్మా మంచాన్ని వసారాలోకి జరిపి, వెనక దిండ్లు పెట్టాం. రోడ్డుకు అవతలే చేను. నాలుగు మూలలా రెక్కలు తిరుగుతూ, కింద తెల్లటి తుంపర వదులుతూ డ్రోన్ సాళ్ల మీదుగా వెళ్లింది, చివరన తిరిగింది, మళ్లీ వచ్చింది. నాన్న కళ్లు దానితోపాటే అటూ ఇటూ తిరిగాయి. ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. అమ్మకు అర్థమైంది.

"గాలికి మందు పక్క చేలో పడదా అంటన్నాడు. పోయి అడిగిరా."

వెళ్లి ఆపరేటరును అడిగాను. గాలి ఎక్కువైతే ఆపేస్తామని, ఇంకా కిందగా నడుపుతామని, అయినా గట్టు మీద కొంచెం పడుతుందని చెప్పాడు. తిరిగొచ్చి అదే చెప్పాను. తలూపాడు. డ్రోన్ బ్యాటరీ అయిపోయి కిందకు దిగేదాకా చూశాడు. ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం, అమ్మ ఆయన తల దువ్వుతుండగా పోయాడు.

మిల్లు అమ్మేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి మోత అంటే పడదని మిల్లు గడప తొక్కని మనిషి, ఇప్పుడు పొద్దున్నే వెళ్లి తాళం తీస్తుంది. కారం మర చూసే మనిషే బెల్టు వెయ్యడం నేర్పాడు. పిండి మర తనే నడుపుతుంది.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం జనం లేనప్పుడు ఇద్దరం అక్కడ కూర్చున్నాం. నేను ఊరికే అడిగాను, నాన్నకు ఈ అడిగే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉందా అని.

"యాడ," అంది అమ్మ. "పెళ్లయిన కొత్తల్లో నోట్లోంచి మాటే వచ్చేది కాదు. బావిలో బిందె పడినా అడిగేవాడు కాదు, ఎట్టా పడిందని."

"మరి?"

అమ్మ కొంతసేపు పిండి అంటిన చేతులు దులుపుకుంది.

"నీకన్నా ముందు ఒక మగపిల్లాడు పుట్టాడు. నీకు చెప్పలా. మూడో నెలలో జ్వరమొచ్చింది. గురజాల తీసుకుపొయ్యాం, అప్పుడు మా అమ్మగారి ఊరు అటే గదా. డాక్టరు చూశాడు, సూదేశాడు. తెల్లారి లేడన్నాడు. తెచ్చుకున్నాం. ఏమైందని మేం అడగలా. ఎందుకు పొయ్యాడని అడగలా. అడగొచ్చని కూడా తెలీదు మాకు. ఇంటికొచ్చాక మీ మామ్మ అడిగింది, ఏం జబ్బంట అని. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆ తర్వాత ఎప్పుడో మొదలెట్టాడు మీ నాన్న. మళ్లీ గురజాల కూడా పోయొచ్చాడంట, నాకు చెప్పకుండా. ఆ డాక్టరు అప్పటికే ఊరు మారిపొయ్యాడంట."

నాకు ఒక అన్న ఉన్నాడని ఇంత వయసొచ్చాక తెలిసింది.

"జ్వరంతో పాటు ఇంకేమన్నా ఉన్నాయా అమ్మా? విరేచనాలు? దగ్గు?" అని అడిగాను.

"దగ్గు లేదు. మెడ బిగదీసేవాడు. పాలు పట్టేవాడు కాదు," అంది అమ్మ. "అయితే ఏమైయుంటదంటావు?"

అది ఏమై ఉండవచ్చో నాకు తోచింది. కానీ ఖాయంగా చెప్పగలిగిన వాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఆ మాటే చెప్పాను. మెదడుకు పట్టిన జ్వరం కావచ్చని, ఆ రోజుల్లో చాలామంది పిల్లలు దాంతోనే పోయేవాళ్లని, మీరు చెయ్యగలిగింది పెద్దగా ఉండేది కాదని.

అమ్మ విన్నది. "ఎట్టా ఉండేవాడు?" అని అడిగాను.

"నీకన్నా నలుపు. వేలు పట్టుకుంటే వదిలేవాడు కాదు," అంది. తర్వాత ఇంకా చెప్పింది. ఏ పక్కకు తల తిప్పి పడుకునేవాడో, ఎవరి పోలికో, ఏం పేరు పెడదామనుకున్నారో. పిండి పట్టించుకోవడానికి ఎవరో వచ్చి గడప దగ్గర నిలబడ్డారు. కాసేపు కూర్చోమని అమ్మ వాళ్లకు స్టూలు చూపించి, నాకు చెప్పడం ఆపలేదు.